పాపమ్మ గారి నిద్ర

ఆ ఆదివారం కాలేబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, గురజాల చర్చిలో మొదటిసారి వాక్యం చెప్పాలి, అందరిచేతా బాగుందనిపించుకోవాలి. సంఘపెద్ద అయ్యాక దొరికిన తొలి అవకాశం. 'సంఘమంతా ఒకే శరీరం, ఒకరి నొప్పి అందరి నొప్పి' అన్న అంశం మీద శనివారం సాయంత్రమంతా అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతూ అభ్యాసం చేశాడు.

అదే సాయంత్రం మోకాళ్ళు పట్టేసి చర్చికి రాలేకపోతున్న, ఒంటరిగా ఉండే పాపమ్మను చూసి రమ్మని పాస్టరు గారు పురమాయించారు. అద్దం ముందు నిలబడ్డ మనిషికి అది గుర్తు రాలేదు. పొద్దున్నే పాస్టరు గారు ఫోన్ చేశాకగానీ గుర్తు రాలేదు.

"ఏమయ్యా కాలేబూ, పాపమ్మ దగ్గరికి పోయొచ్చావా?"

"వెళ్ళాను అయ్యగారూ." అబద్ధం నోట్లోంచి దానంతటదే జారింది. చూశానంటే ఏం మాట్లాడిందని అడుగుతారు. ఆ చిక్కు లేకుండా ఇంకో ముక్క అతికించాడు. "అప్పటికే ఆమె నిద్రించారు."

కాలేబు ఇంట్లో ఎలా మాట్లాడినా, పాస్టరు గారితో మాత్రం గ్రంథాల భాషే. తిన్నాను అనడు, భుజించాను అంటాడు. కానీ సంఘంలో మామూలుగా పడుకున్నవాళ్ళను ఎవరూ నిద్రించారనరు. పోయినవాళ్ళనే అంటారు.

పాస్టరు గారి మాట మెత్తబడింది.

"శాంతంగానేనా?"

"బహు శాంతంగా అయ్యగారూ. ప్రార్థన చేసుకుని వచ్చేశాను."

"మంచి పని చేశావు. మిగతాది నేను చూసుకుంటా."

గండం గడిచిందనుకుని కాలేబు రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాడు.

ఆరాధన మొదలవగానే పాస్టరు గారు మైకు అందుకున్నారు. "మన పాపమ్మ గారు నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించారు. చూసి ప్రార్థన చేసొచ్చింది మన కాలేబే."

చర్చి అంతా కాలేబు వైపు తిరిగింది. వెనక ఎవరో ఏడ్చారు. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆమె పోలేదని చెప్పాలంటే తాను పోలేదనీ చెప్పాలి. అంతమందిలో ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆరాధన అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

ఆరాధన అయ్యేసరికి యౌవనస్థులు ఫ్లెక్సీ కొట్టించుకొచ్చారు. స్త్రీల సమాజం పూలదండలు తెచ్చింది. ఆటో మీద శవపెట్టె కూడా వచ్చేసింది. సంఘపెద్ద కళ్ళారా చూసొచ్చాడు గనుక, ఒకసారి వెళ్ళి కనుక్కుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"నీ వాక్యం అక్కడే చెబుదువులే," అని పాస్టరు గారు అతణ్ణి ఆటోలో ముందు కూర్చోబెట్టారు.

భార్య సలోమి ఆటో పక్కన నడుస్తూ గొంతు తగ్గించి అడిగింది. "నిన్న నువ్వు ఇల్లు కదల్లేదు గదయ్యా?"

"తర్వాత చెప్తా."

"ఎప్పుడు, పూడ్చినాకా?"

పాటలు పాడుకుంటూ అందరూ సందు తిరిగారు. పాపమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. పాట సగంలో ఆగిపోయింది.

"ఏందయ్యా ఇంతమంది వచ్చారు? పండగేమన్నా మర్చిపోయానా?" అంది. తర్వాత పెట్టె చూసింది, ఫ్లెక్సీలో తన మొహం చూసుకుంది. విషయం అర్థమైంది.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "కాలేబు నిన్న నిన్ను చూసొచ్చానన్నాడమ్మా."

పాపమ్మ కాలేబు వంక చూసింది. కాలేబు ఆటో చక్రం వంక చూశాడు.

"వచ్చే ఉంటాడ్లే అయ్యగారూ," అందామె. "కునుకు పట్టి ఉంటది. ముసల్దాన్ని, పిలిచినా పలకలేదేమో. బిడ్డ భయపడుంటాడు."

తిట్టినా బాగుండేది. తనకోసం ఆ ముసలామె అబద్ధమాడటం కాలేబు తట్టుకోలేకపోయాడు.

"నేను రాలేదు పాపమ్మత్తా," అన్నాడు ఆటో దిగి. "నిన్నే కాదు, నీ మోకాళ్ళు పట్టేశాక ఒక్కసారి కూడా రాలేదు."

అందరూ తనను దులిపేస్తారని తల దించుకుని నిలబడ్డాడు. మెల్లగా తలెత్తి చూస్తే అందరి తలలూ వంగే ఉన్నాయి. పాస్టరు గారిది కూడా.

పాపమ్మ మిరపకాయల చేట ముందుకు తోసింది. "ఎట్టాగూ వచ్చారుగా, నిలబడ్డారెందుకు? కూర్చుని తలా నాలుగు కాయలు తియ్యండి."

తెల్లబట్టల్లో సంఘమంతా వాకిట్లో కూర్చుని తొడిమలు తీసింది. ఏడవడానికి తెచ్చుకున్న చేతిరుమాళ్ళు మిరప ఘాటుకు పనికొచ్చాయి. కాలేబు వాక్యం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పెట్టె వెనక్కి తీసుకోవడానికి షాపువాడు ఒప్పుకోలేదు. చేసినవాడే పెట్టుకోవాలని సలోమి దాన్ని ముందుగదిలో పెట్టించింది. అప్పటినుంచి కాలేబు సాయంత్రమైతే చాలు పరామర్శలకు బయల్దేరుతున్నాడు, ఇంట్లో కూర్చోవడం కష్టంగా ఉందట.