డాక్టరు రాని సినిమా

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. కూతురికి ఏదైనా జరిగితే ఊరంతటికీ తెలిశాక, చిట్టచివర తనకు తెలుస్తుందేమోనని. అందుకే సెలవురోజున కుట్టుపనికి వెళ్తూ ఫోను తన దగ్గర ఉంచుకోకుండా ఎనిమిదేళ్ల కూతురికే ఇచ్చింది. ఏమైనా అయితే వర్క్‌షాపుకు ఫోన్ చెయ్యమంది. పిల్లను కింది వాటాలో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సమ్మ చూసుకుంటానని రాత్రే మాటిచ్చింది. ఆలస్యమైపోతోందని మూసి ఉన్న ఆ తలుపు ముందునుంచే పరుగున వెళ్లిపోయింది తల్లి.

కూతురి పేరు ఇంట్లో పిచ్చుక. దాని ప్రాణస్నేహితురాలు బొండాం. బడిలో చేరిన రోజు ఒకే బెంచీ మీద కూర్చుని ఏడ్చారు, అప్పటినుంచీ ఏ పని చేసినా జంటగానే. ఆరోజు డాబా మీద ఫోనుతో సినిమా తీశారు. పిచ్చుక రోగి, బొండాం డైరెక్టరు. తెల్లదుప్పటి కప్పుకుని పిచ్చుక చచ్చిపోయింది. బొండాం వెక్కుతూ, "మా పిచ్చుక ఇక లేదు" అంది. ఏడుపు బాగా కుదిరిందని, ఆ వీడియోను లారీ మీద వెళ్లిన పిచ్చుక నాన్నకు పంపబోయి, చుట్టాలందరూ ఉన్న గ్రూపులో పెట్టేసింది. ఆ వెంటనే ఫోను చార్జింగ్ అయిపోయింది.

తండ్రి లారీ రోడ్డు పక్కన ఆపి, వర్క్‌షాపుకు ఫోన్ చేశాడు. సూపర్‌వైజరు అసలు సంగతి చెప్పలేక, "ఇంట్లో ఏదో పనుందట, వెళ్లమ్మా" అన్నాడు. పదినిమిషాల పర్మిషన్‌కే పదిసార్లు సణిగే మనిషి తన నీళ్లసీసా కూడా చేతికిచ్చాడు. మిషన్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

ఇంటి మెట్లనిండా చెప్పులు. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. ముందే చేరుకున్న ఆడపడుచు కావలించుకుని బావురుమంది. పిల్ల ఎక్కడని అడిగితే, శవాన్ని అప్పుడే ఎక్కడికో తీసుకెళ్లిపోయారని ఎవరో గొణిగారు. సరిగ్గా అప్పుడు డాబా మీదనుంచి దుప్పటి ఈడ్చుకుంటూ పిచ్చుక దిగివచ్చింది.

"అమ్మా, వీళ్లంతా మా సినిమాకేనా?"

తల్లి దాన్ని ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే గుండెకు అదుముకుంది. ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ, "చావడమెందుకే, శుభంగా తియ్యలేకపోయారా?" అని కసిరింది.

"బతికేదే అత్తా. కథలో డాక్టరొచ్చి బతికిస్తుంది. నర్సమ్మమ్మే డాక్టరు. పొద్దున్నుంచీ ఎంత పిలిచినా తలుపు తియ్యలేదు. అందుకని చచ్చిపోయాను."

అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. తల్లి నవ్వలేదు. పైన బకెట్టు జరిపినా కర్రతో కప్పు పొడిచే మనిషి నర్సమ్మ. ఇంతమంది ఇన్ని రాగాలు తీస్తుంటే గడప దాటలేదు.

తలుపు పగలగొట్టారు. నర్సమ్మ స్నానాలగదిలో, విరిగిన కాలు ఒంటికింద ఇరుక్కుని, అరిచి అరిచి గొంతుపోయి పడివుంది. డాక్టరు వేషానికి తెల్లకోటు అప్పటికే వేసుకుని ఉంది. తల్లి ఆవిడ తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంటే పెదాలు కదిలాయి.

"షూటింగ్... అయిపోయిందా?"

కాలికి కట్టు వేశారు. నెలరోజులు మంచమే అన్నారు. తల్లి భయం మాత్రం మారిపోయింది. చివరగా తెలియడం కాదు, తలుపు ముందునుంచే వెళ్తూ తెలియకపోవడం.

నవ్వొస్తే తర్వాత నవ్వుకుందురు గాని, ముందు మీ పక్క తలుపు ఒకసారి తట్టి రండి.