సీసాలో చిల్లికాసు

ఆ సోమవారం పొద్దున సుబ్బరాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. సీసా పట్టుకుని కాలేజీకి నడవాలి, ఆరోజు అక్కడికి వస్తున్న యూనివర్సిటీ ప్రొఫెసరు సుందరరాజుగారి ఎదుట అందులో చిటికెడు రాగిపొడి వేయాలి, పరిశోధనకు సీటు సంపాదించాలి. నంద్యాలలో ఆరేళ్లుగా డిమాన్‌స్ట్రేటరుగానే మిగిలిపోయినవాడికి యూనివర్సిటీ ప్రొఫెసరు మళ్లీ మళ్లీ దొరకడు.

సీసాలో ఉన్నది మూడు నెలల కష్టం. డయజో ఎస్టరు అనే పసుపుపచ్చని నూనెను సొంతంగా తయారుచేసి, స్టైరీను అనే మరో ద్రవంలో కలిపి పెట్టాడు. రాగి తగిలిందంటే ఆ ఎస్టరు తనలోని నత్రజనిని బుడగలుగా వదిలేస్తుంది. మిగిలిన ముక్క స్టైరీనును పట్టుకుని మూడు మూలల వలయం కడుతుంది, పసుపురంగు పోతుంది. రాగి తగలనంతవరకు చల్లగా పడి ఉంటుంది. అందుకే అద్దెగదిలో నీళ్ల కూజా పక్కన తడిగుడ్డ చుట్టి దాచాడు.

ముందురోజే ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిన తల్లి లింగమ్మ కంట ఆ సీసా పడింది.

"ఏంది నాయనా ఇది?"

"నా బతుకంతా దాంట్లోనే ఉందిమా. కాలేజీలో అందరి కండ్లూ దానిమీదే. నువ్వు ముట్టొద్దు."

అందరి కళ్లూ దానిమీదే అన్నాక లింగమ్మ ఊరుకునే మనిషి కాదు. కొడుకు స్నానానికి పోగానే, చిన్నప్పుడు వాడి మొలతాడుకు కట్టిన రాగి చిల్లికాసును కొంగుముడిలోంచి తీసింది. చింతపండుతో తళతళలాడేలా తోమి, కడిగి, తుడిచింది. సీసా మెడకు కడితే చదువుకున్నవాడు తెంపి పారేస్తాడని, బిరడా తీసి లోపలే వేసి గట్టిగా మూసింది. దిష్టి సంగతి అంతటితో తీరింది.

సుబ్బరాయుడు తడిగుడ్డతో సహా సీసా పట్టుకుని ఎండలో బియ్యం మిల్లు దాటేసరికి అది బుస్సుమంది. బిరడా ఎగిరి, బండికి కట్టిన ఎద్దు నొసట తగిలింది. ఎద్దు రోడ్డుకు అడ్డం తిరిగింది, ఆళ్లగడ్డ బస్సు ఆగింది, బస్సులోని జనమంతా దిగారు. వాళ్ల వెనకే కానిస్టేబులు పుల్లయ్య వచ్చాడు. అవి మద్యనిషేధం రోజులు. పసుపుపచ్చని ద్రవం, నురగ, ఎగిరిన బిరడా ఆయనకు చాలినంత సాక్ష్యం.

"ఏందప్పా ఆ బుడ్డి?"

"డయజో ఎస్టరన్నా."

"యా ఊరి సరుకు?"

"నేనే చేసినా."

"ఒప్పుకుంటాండావ్. స్టేషనుకు పా."

"ఆగన్నా! కాలేజీలో ప్రొఫెసరు కాసుకోనుండాడు. ఆయన కోసరమే తీసకపోతాండా."

"తాగేటోడు గూడా ఉండాడా? అట్లయితే ముందు ఆడికే పోదాం."

కాలేజీ చేరేలోగా బుడగలు ఆగిపోయాయి, పసుపురంగు పూర్తిగా పోయింది. మూడు నెలల కష్టం దారిలోనే అయిపోయిందని సుబ్బరాయుడికి ఏడుపొచ్చినంత పనైంది. ప్రొఫెసరుగారు సీసాను బీకరులోకి వంచారు. ఠంగుమని చిల్లికాసు పడింది.

"ఇదెవరు వేశారు?"

సుబ్బరాయుడు ఆ కాసును గుర్తుపట్టి తల దించుకున్నాడు. "మా అమ్మ సార్. దిష్టికి."

పక్కనే నిలబడ్డ కాలేజీ ప్రిన్సిపాలుగారు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు.

"దిష్టికా? ఆ మాట మొదలే చెప్పొచ్చు గదప్పా!" అని పుల్లయ్య టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి విన్న మాటల్లో ఆయన నమ్మింది అదొక్కటే.

ప్రొఫెసరుగారు మాత్రం కోటు విప్పి, ఆ ద్రవాన్ని సాయంత్రం దాకా స్వేదనం చేసి, తూచి చూసుకున్నారు.

"మా దగ్గర రాగిపొడి వేస్తే ప్రతిసారీ పొంగిపోతుంది, సగం కూడా దక్కదు. ఇందులో మూడొంతులు దక్కింది. రాగిని దేనితో శుభ్రం చేశారు?"

సుబ్బరాయుడికి తెలియదు. ఆరేళ్ల సర్వీసులో తెలియనిది తెలియదని చెప్పడం అదే మొదటిసారి. లింగమ్మను పిలిపించారు.

"చింతపండుతోనే సామీ. రాగిని ఇంగ దేంతో తోమతారు?" అని ఆమె ఆయన చదువు మీద అనుమానంగా చూసింది. ఆయన ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నారు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. అందులో సుబ్బరాయుడికి సీటు ఖాయమని ఒక పంక్తి, లింగమ్మగారికి పన్నెండు ప్రశ్నలు ఉన్నాయి.