పదో నంబరు ఎడమకాలి జోడు

"భయపడకు బచింతీ! నాహర్ సింగ్ కంట్లో పడ్డ నేరస్థుడు ఇంతవరకు తప్పించుకోలేదు!"

గేరు పడటం లేదంటే నేరస్థుడెక్కణ్ణుంచి వచ్చాడో బచింత్ కౌర్‌కి అర్థం కాలేదు. తపాలా ఆఫీసులో రిటైరైనప్పటి నుంచి బావగారు నాహర్ సింగ్‌కి అన్నిట్లోనూ కుట్రే కనిపిస్తోంది. ఆవిడ గుండె మాత్రం పొలంలో కొట్టుకుంటోంది. నేలలో పదును ఈ సాయంత్రం దాకానే ఉంటుంది. ఆరిపోతే ఈసారి గోధుమ ఆలస్యమే. మామగారి కాలంనాటి ట్రాక్టరేమో గేరు వేస్తే గరగరమంటోంది తప్ప కదలటం లేదు.

"క్లచ్చు పూర్తిగా దిగటం లేదు బావగారూ."

"క్లచ్చు అమాయకురాలు! ముందిది చెప్పు. దిష్టికని స్టీరింగు కింద నేను కట్టిన నా పాత జోడేదీ?"

తాడు ముక్క మాత్రం వేలాడుతోంది.

"జంట నేరం!" అన్నాడాయన ఆనందంగా. "నిన్న బండి తీసుకెళ్లిందెవరు?"

"పక్క పొలం మలూక్ సింగ్."

మలూక్ వచ్చేసరికి నాహర్ సింగ్ బురదలో ఓ అడుగు గుర్తును జానతో కొలుస్తున్నాడు.

"పదో నంబరు. ఎడమకాలు. మనిషి గర్విష్ఠి. ఒప్పుకుంటావా?"

"నాది ఏడో నంబరు పెదనాన్నా. ఇందాక అక్కడ దిగింది మీరే."

"నన్ను ఇరికించాలని ఎంత పన్నాగం!"

"పొద్దు వాలుతోంది బావగారూ, మీకు దణ్ణం పెడతాను, పక్కకి జరగండి!" బచింత్‌కి ఏడుపొక్కటే తక్కువ.

నేరస్థలం వాసన చూస్తానని ఆయన పెడలు దగ్గరికి వంగాడు. కాలు జారింది. ఆసరాకి పెడలు కింద పరిచిన గోనెపట్టా పట్టుకున్నాడు. పట్టాతో సహా వెల్లకిలా బురదలో పడ్డాడు. పట్టాలోంచి ఎగిరిన నల్లటి పాత జోడొకటి ఆయన గుండెమీద వాలింది.

బచింత్ ఎక్కి క్లచ్చు తొక్కింది. ఈసారి పెడలు అడుగుదాకా దిగింది. గేరు చప్పుడు చేయకుండా పడింది.

జోడు తిరగేసి చూసిన మలూక్ నవ్వాపుకుంటూ అన్నాడు. "పదో నంబరు. ఎడమకాలు."

"నేను మొదటే చెప్పలేదూ!" నాహర్ సింగ్ బురద తుడుచుకుంటూ లేచాడు. "దీన్ని మళ్లీ స్టీరింగుకి..."

"వద్దు బావగారూ," అంది బచింత్ వెనక గొర్రు సరిచూసుకుంటూ. "దొరికిన ముద్దాయిని మళ్లీ వదిలేస్తారా? పట్టుకుని మడ్‌గార్డు మీద కూర్చోండి."

విత్తటం పూర్తయ్యేదాకా, ఊరంతా చూస్తుండగా, డిటెక్టివ్ నాహర్ సింగ్ తన జోడుని రెండు చేతులా పట్టుకుని కాపలా కాశాడు.