ఎనిమిదో కుర్చీకి అర్హుడు

గ్రాండ్‌మాస్టర్ శశిభూషణ్ మోచేతుల దాకా కొయ్యగా మారిపోయారని తెలిశాక, చదరంగ సంఘం కార్యదర్శి ఆయన ఫైలులో "ఆరోగ్యం సంతృప్తికరం" అని రాశాడు. ఈ నివేదిక ఆ కార్యదర్శిదే కాబట్టి, తెలివితక్కువతనం ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ప్రపంచ కిరీటానికి దారితీసే ఆ టోర్నీలో కుర్చీలు ఎనిమిది. ఏడు, వేరే పోటీల్లో గెలిచినవాళ్ళకి. ఎనిమిదోది, డిసెంబరు ఆఖరుకి అందరికన్నా ఎక్కువ రేటింగు ఉన్నవారికి. జనవరిలోనే శశిభూషణ్ అందరికన్నా పైనున్నారు. ఆడి ఓడితే రేటింగు తగ్గుతుంది, ఆడకపోతే తగ్గదు. ఇరవై ఏళ్ళ కల కదా, ఆడటం మానేశారు. తర్వాత కూరల బజారులో బేరం మానేశారు. భార్యతో వాదనా మానేశారు, ఓడిపోవడం అలవాటవుతుందని. అక్టోబరుకల్లా వేళ్ళు బిగిశాయి. సంఘం తరఫున వడ్రంగి వచ్చి తట్టి చూసి, మంచి టేకేనని రాసిచ్చాడు.

అయితే ఏడాదికి నాలుగు ఆటలైనా ఆడి తీరాలని నిబంధన. మూడు ఆటలు వేళ్ళు వంగే రోజుల్లోనే, ఓడిపోవడంలో అనుభవమున్న పెద్దలతో కానిచ్చేశారు. నాలుగోది డిసెంబరు ముప్ఫై ఒకటి ఉదయం, రైల్వేలో రిటైరైన అప్పలకొండతో. శశిభూషణ్ చెయ్యి లేవలేదు. గడియారం మాత్రం నడుస్తోంది. సమయం దాటితే ఓటమి, కుర్చీ పోయినట్టే.

భార్య కాత్యాయని ఆయన చెయ్యి పట్టుకుని బంటును రెండు గళ్ళు ముందుకు తోసింది. నిబంధనల పుస్తకంలో భార్యల ప్రస్తావన లేదు కాబట్టి కార్యదర్శి చూస్తూ ఊరుకున్నాడు. అప్పలకొండ కూడా ఓ బంటు జరిపి, వెంటనే తన రాజును పడుకోబెట్టాడు.

"ఓడిపోనాను బాబూ. తమరు బాగా ఆడినారు."

"నాకు ఆట వచ్చేదిట అప్పలకొండగారూ, జనం చెప్పుకుంటారు," అన్నారు శశిభూషణ్. పెదవులు ఇంకా మెత్తగానే ఉన్నాయి.

కాత్యాయని నవ్వలేదు. కార్యదర్శి వైపు తిరిగింది.

"అక్కడికెళ్ళాక మరి నిజంగా ఆడాలి కదండీ?"

"మా బాధ్యత అర్హత వరకేనమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి కార్యదర్శికి సిగ్గేసింది. తను చదరంగం బల్ల ముందు కూర్చుని ఆడి పంతొమ్మిదేళ్ళయింది. ఆ పంతొమ్మిదేళ్ళుగా ఓటమి ఎరుగనివాడినని లెటర్‌హెడ్ మీద అచ్చు వేయించుకున్నాడు కూడా. అర్హత పత్రం మీద సంతకం పెట్టబోతే వేళ్ళు వంగలేదు. అదృష్టం, సంఘానికి రబ్బరు స్టాంపు ఉంది. దానికి అరచెయ్యి చాలు.