ఖర్చుల ఉత్తర్వుపై దర్జీ దండయాత్ర

సకల వాయిదాలకు పుట్టినిల్లై, కాగితపుకట్టల దుర్గశ్రేణులతో దుర్భేద్యమై, పంకా తిరిగినా గాలి కదలని ఆ న్యాయస్థాన మహాసౌధపు ముంగిట, లోకమంతా రెండో కాఫీకి సిద్ధపడుతున్న ఆ శుభఘడియలో, సూచీధారణధురంధరుడు, కర్తరీఖడ్గపాణి, నల్లగౌనుల నిర్మాణంలో ఎదురులేనివాడైన దర్జీ, మెట్లను రెండేసి చొప్పున లంఘిస్తూ, ఆయాసఘోషతో అవతరించాడు.

ఆ తొందరకు కారణం లేకపోలేదు. పక్కింటాయనతో గోడ తగాదా విచారణలో, పిలిచినప్పుడు పలకలేదన్న నేరానికి, అవతలివాళ్ళ ఖర్చులు చెల్లించమని కోర్టు దర్జీని ఆజ్ఞాపించింది. చెల్లించలేదు గనక కుట్టుమిషను జప్తుకు కోర్టు అమీనా తోపుడుబండి సమేతుడై ఇంటిమీదికి వచ్చాడు. ఆ మిషను పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. అందుకే దర్జీ ఇల్లాలు మిషను బల్ల ఎక్కి కూర్చుని, తనను కూడా జప్తు చేసుకోమని అమీనాకు తెగేసి చెప్పింది.

ఆ ఉత్తర్వు రద్దు చేయమని దర్జీ వేడుకోగానే, న్యాయసభలో పక్కింటాయన తరఫు వకీలు ప్రళయఘోషతో విజృంభించాడు. ఉత్తర్వు అంతిమమనీ, తన చేత్తో రాసినదాన్ని కోర్టు తానే కదిలిస్తే సూర్యచంద్రులు గతి తప్పుతారనీ, గౌను చంకలు చిరిగేలా చేతులెత్తి గర్జించాడు. చంకలు చిరగలేదు. ఆ గౌను కుట్టింది దర్జీయే. అంత గట్టి కుట్టు వేసినందుకు ఆయన జీవితంలో మొదటిసారి చింతించాడు.

"ఆ రోజు పిలిస్తే ఎందుకు పలకలేదు?" అని జడ్జిగారు అడిగారు.

"పిలవలేదు మేడమ్. పిలవాల్సినాయన నా టేపులో ఉన్నాడు."

సభ యావత్తూ తలుపు దగ్గరున్న బంట్రోతు వైపు తిరిగింది. కేకేస్తే వీధి చివర కుక్కలు సైతం హాజరయ్యే ఆ మేఘగంభీరకంఠుడు, నేలచూపులు చూస్తూ నిజం ఒప్పుకున్నాడు. ఆ రోజు వరండాలో కొత్త కోటుకు కొలతలిస్తూ ఛాతీ పొంగించి నిలబడ్డాడట. సరిగ్గా అప్పుడే లోపలినుంచి కేసు పిలవమన్నారట.

"ఊపిరి వదిలితే కొలత తప్పుతుందన్నాడు మేడమ్. పెదాలు మాత్రం ఆడించాను."

జడ్జిగారు కాసేపు ఫైలు వెనక ముఖం దాచుకున్నారు. ఫైలు వణికింది. దించాక గొంతు సవరించుకున్నారు.

"జాలిపడి అంతిమ ఉత్తర్వు మార్చలేను. కానీ పిలవకుండానే పలకలేదని రాయడం మా పొరపాటు. మా పొరపాటును మేమే దిద్దుకోవాలి. జప్తు ఆపండి. ఖర్చుల ఉత్తర్వు రద్దు."

వకీలు నీరసంగా ఈ రోజు ఖర్చులైనా ఇప్పించమన్నాడు.

"ఎవరి ఖర్చులు వాళ్ళే భరించాలి."

ఆ ఆజ్ఞాపత్రాన్ని విజయధ్వజంలా ఎత్తిపట్టి, చెప్పు తెగినా లెక్కచేయక, దర్జీ ఇంటిదారి పట్టాడు. వీధి మొదట్లోనే ఎదురైంది తోపుడుబండి. దానిమీద మిషను. మిషను మీద ఇల్లాలు, చేతులు కట్టుకుని. అమీనా చెమటలు కక్కుతూ తోస్తున్నాడు. కాగితం చదివి, బండి వెనక్కి తిప్పాడు.

"గెలిచామా?" అంది ఆవిడ.

"మిషను మనదే. గోడ సంగతి ఇంకా తేలలేదు."

"అయితే ఇంటిదాకా తోయించుకుంటాను. వచ్చేటప్పుడు చాలా కుదిపాడు."

ఆ విధంగా, రథారూఢయై ఇల్లాలు ముందు సాగగా, ఒంటిచెప్పుతో వెంట నడుస్తూ, రాజశాసనాన్ని ఎదిరించి ఆ మహావీరుడు, పొద్దున తనదే అయిన కుట్టుమిషనును మధ్యాహ్నానికల్లా తనదిగా సాధించుకున్నాడు.