సముద్రానికి అయిదున్నర, పొలాలకి అయిదున్నర

ఆదివారం పొద్దున అత్తగారూ కోడలూ వంటింటి గడప దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. అత్తగారు ఒక కాయ ఒలిచేలోగా కోడలు మూడు ఒలిచేస్తోంది. పోస్టాఫీసు కౌంటర్లో పదకొండేళ్లు ముద్రలు కొట్టిన చేతులవి. ఏ పనైనా ఎదురుగా ఎవరో వరసలో నిలబడి ఉన్నట్టే చేస్తాయి.

ఆ చేతులకి ఉద్యోగంలో చేరాక మొదటిసారి వరసగా అయిదు రోజుల సెలవు దొరికింది. వచ్చే శనివారం పది గంటల పడవకి ఆమె, భర్త, తొమ్మిదేళ్ల కూతురు దీవికి బయల్దేరాలి. అక్కడ ఆమె చేయాలనుకున్నది ఒక్కటే. కిటికీ తెరిచి, అలల చప్పుడు వింటూ, తనంతట తనకి మెలకువ వచ్చేదాకా నిద్రపోవడం.

భర్త ట్రావెల్స్ ఆఫీసులో ఇచ్చిన రంగుల కాగితాలు రెండు పట్టుకుని వచ్చాడు. అతను సర్వే ఆఫీసులో పటాలు గీస్తాడు. ఊళ్లో ఎవరి ప్రహరీ ఎవరి స్థలంలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

"రెండిళ్లున్నాయి. ఒకటి సముద్రం ఒడ్డున, మెట్టు దిగితే ఇసుక. రెండోది లోపల, పొలాల మధ్య. శనివారం పొద్దున ఎనిమిదింటిదాకా రెండూ మనకోసం ఆపుతుందట ట్రావెల్స్ ఆవిడ."

"ఇందులో తేల్చేదేముంది? సముద్రమే," అంది భార్య.

"పొలాలైతే ప్రశాంతంగా ఉంటుంది. సముద్రం రాత్రంతా ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంటుంది."

అత్తగారు లేచి వెళ్లి ఒక ఇత్తడి చెంబు, ఒక స్టీలు చెంబు తెచ్చి మధ్యలో పెట్టింది.

అది కాలం చేసిన మామగారు పెట్టిన ఆచారం. ఆ ఇంట్లో ఏదైనా ఓటు వేసే తేల్చాలి. గోడల రంగు, పిల్లి పేరు, చివరికి మామగారి కళ్లజోడు ఫ్రేము కూడా అలాగే తేలాయి. నియమం ఒక్కటే. దేనితో ఎవరికి సంబంధముంటే ఓటు వాళ్లది. అత్తగారికి పడవ పడదు, ఆమె వెళ్లడం లేదు, కాబట్టి ఆమెకి ఓటు లేదు. లెక్కపెట్టే బాధ్యత మాత్రం ఉంది.

భార్య ఇత్తడి చెంబులో ఒక బఠాణీ వేసింది. భర్త స్టీలు చెంబులో వేశాడు. ఇద్దరూ కూతురి వైపు చూశారు. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక తన బఠాణీని గోటితో నిలువునా చీల్చి, ఒక బద్ద ఇందులో, ఒక బద్ద అందులో వేసి, ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

"ఒకటిన్నర, ఒకటిన్నర," అని ప్రకటించింది అత్తగారు. "శనివారందాకా గడువుందిగా. ఆలోచించుకోండి."

ఆలోచించుకుని ఉంటే బాగుండేది. సోమవారం భోజన విరామంలో భార్య తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరే, దీవికి వస్తావా? మీ ఆవిణ్ని కూడా తీసుకురా. కానీ సముద్రమే అనాలి."

"పొలం చూడ్డానికి పడవెందుకక్కా? సముద్రమే," అన్నాడు తమ్ముడు. సాయంత్రానికల్లా దంపతులిద్దరూ వచ్చి ఇత్తడి చెంబులో రెండు బఠాణీలు వేసి, కాఫీ తాగి వెళ్లారు.

మంగళవారం భర్త తన అక్కనీ బావనీ రంగంలోకి దింపాడు. అక్క స్టీలు చెంబులో వేసింది. బావ కూడా చెయ్యి చాపి, ఆగి, "అక్కడ కోళ్లుంటాయా?" అని అడిగాడు. ఆయన బస్సు డ్రైవరు.

"ఉంటాయి బావా, తెల్లారగట్ల కూస్తుంటే ఎంత బాగుంటుందో."

"ఇరవై ఏళ్లుగా మూడున్నరకి లేస్తున్నాను. సెలవులో కూడా నన్ను లేపేవాడికా నా ఓటు?" అని ఆయన బఠాణీని ఇత్తడి చెంబులో పడేశాడు.

అక్క ఆ పూట మొగుడితో మాట్లాడలేదు. భర్త మరునాడే బాబాయినీ పిన్నినీ వెంటబెట్టుకొచ్చి లెక్క సరిచేశాడు. నాలుగున్నర, నాలుగున్నర. గురువారం భార్య పక్కింటి పళ్ల డాక్టరుని కలుపుకుంది. భర్త తన ఆఫీసు హెడ్ గుమాస్తాని తెచ్చాడు. అయిదున్నర, అయిదున్నర.

"పదకొండు మందిమి అయ్యామండీ," అంది భార్య ఆ సాయంత్రం, దుప్పటి మడత పెడుతూ.

"మొదలుపెట్టింది నువ్వు."

"పోనీ, పొలాలకే ఒప్పుకుంటాను, వీళ్లందర్నీ పంపించేస్తారా?"

"ఎలా పంపిస్తాం? హెడ్ గుమాస్తా గారు టోపీ కొనుక్కున్నారు."

నిజమే. అందరూ ఏదో ఒకటి కొనేశారు. పిన్ని ఎండ కళ్లజోడు కొనుక్కుని ఇంట్లో కూడా అది పెట్టుకునే తిరుగుతోందట. డాక్టరు వరండాలో బల్ల మీద బోర్లా పడుకుని ఈత నేర్చుకుంటున్నాడు. ఉత్సాహం అంటువ్యాధిలా వీధంతా పాకింది. పాలు తెచ్చే ఆయన కూడా ఏ చెంబు ముందుందని అడిగి మరీ వెళుతున్నాడు.

శనివారం ఏడింటికి పదకొండు మందీ పెట్టెలతో హాల్లో ఉన్నారు. తమ్ముడు తెచ్చిన గాలి పడవని డాక్టరు ఉత్సాహం పట్టలేక అక్కడే ఊదేశాడు. అది గోడ నుంచి గోడ దాకా వ్యాపించింది. బస్సు డ్రైవరు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, గుమ్మం పట్టదని తేల్చాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు దాంట్లోనే కూర్చున్నారు.

"ఇంకో గంటలో తేలాలి. మళ్లీ వేద్దాం," అన్నాడు బాబాయి, గాలి పడవలోంచి లేవలేక కూర్చునే.

మళ్లీ వేశారు. ఎవరి పట్టు వాళ్లదే. అయిదున్నర, అయిదున్నర. పిచ్చుకకి రెండు వైపుల నుంచీ చాక్లెట్లు అందాయి. రెండూ తిని, బఠాణీని మళ్లీ సమానంగా చీల్చింది. చీలికలో ఒక బద్ద పెద్దదిగా ఉందని అక్క అభ్యంతరం చెప్పింది. భర్త ఆఫీసు స్కేలు తెచ్చి కొలిచాడు. సమానమే.

మూడోసారి వేస్తుంటే ఫోను మోగింది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది, ఎవరూ దాని వైపు చూడలేదు. చెంబులు వాళ్లకి వదిలేసి అత్తగారు వంటింట్లోకి వెళ్లి ఫోనెత్తింది. కోడలు అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎనిమిది దాటిందండీ, ఇద్దరు అడిగితే రెండిళ్లూ ఇచ్చేశాను," అంది ట్రావెల్స్ ఆవిడ. "ముగ్గురన్నారు, పదకొండు మందట కదా. ఆ ఇళ్లలో నలుగురికే చోటు."

"అది సరేనమ్మా. అసలు ఆ రెండిళ్లకీ మధ్య ఎంత దూరం?"

"దూరమేముందండీ? ఎదురెదురు ఇళ్లు. సన్నటి దీవి అది. సముద్రం ఇంటి పెరటి తలుపు తీస్తే పొలాల ఇల్లు. పటం చూస్తే మీకే తెలిసేది."

అత్తగారు హాలు వైపు చూసింది. ఊళ్లో పటాలన్నీ గీసే కొడుకు, స్కేలు చేత్తో పట్టుకుని, సగం బఠాణీ మీదకి వంగి ఉన్నాడు.

"ఇంకేమీ లేదా మరి?"

"ఆ ఇళ్లు చూసుకునే ముసలావిడ ఊరెళ్లింది, ఆవిడ గది ఉంది. ఒక్క మంచమే. ముందు కిటికీలో సముద్రం, వెనక కిటికీలో పొలాలు."

"దాన్ని రాసుకోండి," అంది అత్తగారు. "పేరు చెబుతాను."

ఫోను పెట్టేసి, కోడలితో ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పింది.

"ఆయనో?"

"వాడికి ఓట్లున్నాయిగా."

"పిచ్చుకో?"

"నా పక్కన పడుకుంటుంది. దాన్నీ తీసుకెళితే మంచం మీద అది అడ్డంగా పడుకుంటుంది, నువ్వు కింద పడుకుంటావు. వెళ్లేది నిద్రపోవడానికి కదమ్మాయ్."

హాల్లో బాబాయి ఉపన్యాసం మొదలైంది. కోడలు తన చిన్న పెట్టె తీసుకుని, గాలి పడవ అంచు పట్టుకుని, గోడ వెంబడి పక్కకి పక్కకి జరిగింది. హెడ్ గుమాస్తా ఎవరో దారి అడుగుతున్నారనుకుని, తల తిప్పకుండానే కాళ్లు ముడుచుకున్నాడు. గుమ్మం దగ్గర పిచ్చుక నిలబడి ఉంది. తల్లి పెట్టె వంకా, తల్లి మొహం వంకా చూసి, తన ఈత కళ్లజోడు తీసి తల్లి చేతిలో పెట్టింది. తల్లి వంగి ఆ పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి మళ్లీ వేసి చెంబులు లెక్కపెడితే, పొలాలు ఒక్క ఓటు తేడాతో గెలిచాయి.