వేడి లాగే మిక్స్చర్

ఆ రోజు సురేఖ పరిశోధనకు ఆఖరి పరీక్ష. మద్రాసు నుంచి పరీక్షకులు జానకిరామన్ గారు వేలూరు కాలేజీకి వస్తున్నారు. నీళ్ళూ గ్లిజరినూ కలిపిన ద్రవంలో వేడి ఎంత చురుగ్గా పాకుతుందో ఆయన కళ్ళముందే కొలిచి చూపాలి. ఉత్సాహం పట్టలేక పొద్దున్నే గుడియాత్తంలో తమ వీధి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసింది.

"వేలన్నా, మిక్స్చర్ బాగా కుదిరిందని మాయమ్మకు చెప్పు. అది వేడిని ఎట్లా లాగతాదో ఈ పొద్దు పెద్ద సారుకు చూపిస్తా!"

బూత్ నడిపే వేలు ఆ కబురు మోసుకెళ్ళేసరికి మిక్స్చర్ కాస్తా కాంపౌండరు పోసిచ్చే మందయింది, వేడి జ్వరమయింది. తల్లి సరసమ్మ గర్వం ఆపుకోలేక వీధంతా చాటింది. వీధి వీధే వేలూరు బస్సెక్కింది.

ప్రయోగశాలలో సురేఖ సన్నటి ప్లాటినం తీగను ద్రవంలో ముంచి కరెంటు పెట్టింది. "ఇది కదలకూడదు సార్" అంటుండగానే తలుపు భళ్ళున తెరుచుకుంది. ముందు సరసమ్మ, వెనక ఖాళీ సీసాలతో జనం.

"నాకు ముందు ఇయ్యి పాపా, ఒళ్ళు కాలతా ఉండాది!" అంటూ ముసలి చెంగల్రాయలు బల్ల పట్టుకుని ఊపేశాడు.

"అయ్యయ్యో, ఇది మందు కాదు తాతా!"

యంత్రం మీద అంకె అమాంతం పెరిగింది. జానకిరామన్ కళ్ళజోడు సర్దుకున్నారు. "నీ థీసిస్‌లోనూ కొన్ని అంకెలు ఇట్లాగే ఎక్కువ ఉన్నాయి. ఎందుకని?"

సురేఖ ఇంకా ఊగుతున్న బల్లను చూసింది. అంతలోనే కళ్ళు మెరిశాయి.

"అమ్మా, అందురూ కదలకుండా నిలబడండి!"

నిలబడ్డారు. మళ్ళీ కొలిచింది. అంకె సరిగ్గా వచ్చింది.

"ఇప్పుడు ఎగరండి!"

ఎగిరారు. గాజుపాత్రలు గలగలమన్నాయి, అంకె పైకి పోయింది.

"ద్రవం కదిలితే వేడిని మోసుకుపోతుంది సార్. అందుకే లెక్క పెరుగుతుంది. థీసిస్‌లో ఆ అంకెలు కొలిచినప్పుడు పక్కన కొత్త భవనానికి పునాది తవ్వుతా ఉన్నారు!"

జానకిరామన్ పంచె ఎగ్గట్టి, తానూ ఒక్కసారి ఎగిరి చూసుకున్నారు. అంకె ఆయనతోపాటే పైకి ఎగిరింది. ఆయన పకపకా నవ్వారు.

"శభాష్! ఇక నువ్వు డాక్టర్ సురేఖవమ్మా!"

సరసమ్మ కూతుర్ని వాటేసుకుంది. డాక్టరన్న మాట వినగానే చెంగల్రాయలు ముందుకొచ్చి, మందు కోసం నాలుక చాపాడు.